స్ట్రైప్ ఏపీఐ: పాత కోడ్‌ని కదిలించకుండా కొత్తది తెచ్చే పద్ధతికి ఐదుకి నాలుగున్నర

నెల్లూరు వేదాయపాళెంలో ఇంట్లో నుంచే పని చేస్తా ఉంటా. మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో పచ్చళ్ళు, మలై కాజా, అరిసెలు ఆన్‌లైన్‌లో అమ్ముతాడు, ఆ సైటూ యాపూ రెండూ నేనే చూసుకుంటా. పేమెంట్లకి అన్న అమెరికా అకౌంట్ మీద 2020 చివర్లో స్ట్రైప్ అనే పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బులు తీసుకునే సర్వీస్) పెట్టాం. ఫీజుల గురించి, సపోర్ట్ గురించి చాలామంది రాసుంటారు, నేను ఒక్క విషయమే రాస్తా, వాళ్ళు ఏపీఐ (మన కోడ్ వాళ్ళ సర్వీస్‌తో మాట్లాడే పద్ధతి) మార్చినప్పుడు మన కోడ్ గతి ఏంది అని.

ఏం కాదు, అట్టనే నడుస్తా ఉంటది. మన అకౌంట్ నుంచి మొదటి రిక్వెస్ట్ వెళ్ళిన రోజు ఏ వెర్షన్ ఉంటే అకౌంట్‌ని ఆ తేదీకి ముడేస్తారు (వాళ్ళ వెర్షన్ల పేర్లు తేదీలే), మాది 2020-08-27. తర్వాత వాళ్ళు జవాబులోని ఫీల్డులు (ఒక్కో సమాచారం ఉండే గడులు) తీసేసినా పేర్లు మార్చినా మనకి మాత్రం ఆ తేదీ నాటి రూపంలోనే జవాబు వస్తది. కొత్తది చూడాలంటే రిక్వెస్ట్‌తో పాటు చీటీలాగా పోయే స్ట్రైప్-వెర్షన్ అనే హెడర్‌లో కొత్త తేదీ పెట్టి ఆ ఒక్క రిక్వెస్ట్ పంపుకోవచ్చు, మిగతా కోడ్‌కి ఏం తెలీదు. అంతా బాగుందనుకుని డ్యాష్‌బోర్డులో వెర్షన్ పెంచేసినా, ఏదన్నా తేడా కొడితే 72 గంటల్లోపు వెనక్కి తిప్పుకోవచ్చు.

ఇది ఎంత పెద్ద విషయమో నాకు ఇంకో సర్వీస్ వల్ల తెలిసింది, పేరు రాయను, పార్శిల్ రేట్లు చెప్పే ఒక ఏపీఐ. బరువు అనే ఫీల్డు పౌండ్లలో తీసుకునేవాళ్ళు, ఒక శనివారం నుంచి ఔన్సుల్లో తీసుకోవడం మొదలుపెట్టారు. ఏపీఐ అడ్రస్ మారలా, వెర్షన్ మారలా, మెయిల్ కూడా రాలా. నాలుగు పౌండ్ల ఆవకాయ డబ్బాకి మేం 4 అని పంపితే వాళ్ళు నాలుగు ఔన్సులనుకుని రేటు చెప్పారు, ఎర్రర్ వచ్చి ఆగిపోయుంటే అదే రోజు పట్టుకునేవాళ్ళం, కానీ అంకె అంకెలానే ఉంది కాబట్టి పదకొండు రోజులు ఆర్డర్లు మామూలుగా పోయినయ్, కొరియర్ వాళ్ళు తూకమేసి తేడా బిల్లు వేసినాక అన్న ఫోన్ చేసి "ఏంది అబ్బయా, షిప్పింగ్ మొత్తం మన జేబులోంచే పోతా ఉండాది" అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫీల్డు పేరు అదే ఉంచి అర్థం మార్చడం కంటే చెడ్డ పని ఏపీఐలో ఇంకోటి లేదని నేను గట్టిగా నమ్ముతా.

స్ట్రైప్ వాళ్ళు లోపల ఎట్ట చేస్తారో వాళ్ళ ఇంజినీర్లే 2017లో వివరంగా చెప్పారు. జవాబు ముందు సరికొత్త రూపంలోనే తయారవుతది, తర్వాత మన తేదీ చేరేదాకా ఒక్కో మార్పునీ వెనక్కి విప్పే చిన్న చిన్న మాడ్యూళ్ళ గుండా వస్తది. అంటే అసలు కోడ్‌లో పాత వెర్షన్ల కోసం ఎక్కడపడితే అక్కడ ఇఫ్‌లు (ఈ వెర్షన్ అయితే ఇట్ట, లేకుంటే అట్ట అనే షరతులు) పెట్టే పని లేదు. ఇది చదివి నేను మా యాప్ వెనక నడిచే మా సొంత సర్వీస్‌కి కూడా ఇదే చేశా. ఎందుకంటే యాప్ అనేది మన చేతుల్లో ఉండదు, అన్న వాళ్ళ అత్తమ్మ ఫోన్‌లో ఇప్పటికీ 2022 నాటి యాపే ఉంది, ఆమె అప్‌డేట్ నొక్కదు, నొక్కమని చెప్పడం న్యాయం కూడా కాదు. మేం అడ్రస్‌ని ఇంటి నంబరు, వీధి, ఊరు అని విడగొట్టినప్పుడు పాత యాప్‌కి ఆ మూడిట్నీ మళ్ళీ ఒక్క లైనుగా కలిపి పంపే ఫంక్షన్ ఒకటి రాశా, ఇరవై లైన్లు కూడా కాలేదు. ఏ రిక్వెస్ట్ ఏ వెర్షన్ యాప్ నుంచి వస్తందో లాగ్ చేస్తా, పాతది సున్నాకి వచ్చేదాకా తీసెయ్యను. తీసేసే రోజు ముందే తెలిస్తే ఆ తేదీ చెప్పడానికి సన్‌సెట్ అనే హెడర్ ఉంది, 2019లో ఆర్ఎఫ్‌సీ 8594 అనే ఇంటర్నెట్ పత్రంగా వచ్చింది, దాన్ని ఎందుకో చాలామంది వాడరు.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, వెర్షన్ ఒక్కచోట ఉండదు. వెబ్‌హుక్‌కి (ఏదన్నా జరిగితే స్ట్రైప్ తానే మన సర్వర్‌కి పంపే కబురు) దాని వెర్షన్ దానికి వేరే పెట్టుకోవచ్చు, కాబట్టి మారేటప్పుడు కొత్త వెర్షన్‌తో ఇంకో ఎండ్‌పాయింట్ (కబురు అందుకునే అడ్రస్) పెట్టి రెండూ కొన్నాళ్ళు నడిపి పాతది ఆపాలి. మన కోడ్‌లో కలుపుకోవడానికి స్ట్రైప్ వాళ్ళిచ్చే రెడీమేడ్ కోడ్, అంటే ఇప్పటి లైబ్రరీలైతే వాటిలోనే ఒక వెర్షన్ కట్టి వస్తది, లైబ్రరీ మేజర్ నంబర్ పెంచితే ఏపీఐ తేదీ కూడా దాంతోపాటు మారిపోద్ది. 2025-03-31 నాటి బేసిల్ అనే ఏపీఐ రిలీజ్‌లో సబ్‌స్క్రిప్షన్ మీద ఉండే పీరియడ్ ముగిసే తేదీని లోపలి ఐటెమ్‌ల మీదకి జరిపారు, నెలనెలా పచ్చళ్ళ బాక్స్ లాంటివి నడిపేవాళ్ళు ఛేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) చదవకుండా లైబ్రరీ పెంచొద్దు.

ఇంకోటి, కొత్త ఫీల్డు చేర్చడం వాళ్ళ లెక్కలో బ్రేకింగ్ మార్పు (పాత కోడ్‌ని చెడగొట్టేది) కాదు, ఐడీల పొడవు మారడం కూడా కాదు, 255 అక్షరాలు దాటదని మాత్రం మాటిస్తారు. కాబట్టి తెలియని ఫీల్డు వస్తే పట్టించుకోకుండా పోయేలా మన కోడ్ ఉండాలి, డేటాబేస్‌లో ఐడీ కాలమ్ 255 పెట్టుకోండి.

ఇక్కడ ట్రంకు రోడ్డులో షాపు పెట్టుకుని వాడదాం అనుకునేవాళ్ళకి మాత్రం కుదరకపోవచ్చు, 2024 నుంచి ఇండియాలో కొత్త అకౌంట్లు ఇన్విటేషన్ ఉంటేనే ఇస్తా ఉండారు. మీరు వేరే గేట్‌వే తీసుకుంటే సేల్స్ వాళ్ళని ఫీజు కంటే ముందు ఇది అడగండి, పాత వెర్షన్ ఎన్నాళ్ళు ఉంచుతారు, తీసేముందు ఎన్ని నెలల ముందు చెప్తారు అని, జవాబు మెయిల్‌లో రాసివ్వమనండి.