ఫిల్టర్‌కి చిప్ పెట్టి పీడించే ఆర్‌ఓ మెషిన్, దయచేసి కొనకండి

మాది కనిగిరి. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు, పళ్లు గారపట్టినవాళ్లు, మోకాళ్లు పట్టేసినవాళ్లు ఇక్కడ చాలామంది. అందుకే ఒంగోలు వెళ్లి 18,000 పెట్టి యాప్‌తో నడిచే ఆర్‌ఓ మెషిన్ తెచ్చుకున్నాం.

నీళ్లు బాగుంటాయి, ఆ మాట కాదనను. గొడవంతా ఫిల్టర్‌తోనే. కార్ట్రిడ్జి పక్కన గోరంత చిప్ అతికించి ఉంటుంది, గడువు తేదీ రాగానే ఎర్ర లైటు వెలిగి మోటారు ఆగిపోతుంది. ఎన్ని లీటర్లు వాడామన్న లెక్కే లేదు, ఇంటికి తాళం వేసి ఊరెళ్లినా గడువు గడువే. బజార్లో దొరికే మామూలు ఫిల్టర్ కొలతకు సరిగ్గా సరిపోతుంది, కానీ చిప్ లేదని మెషిన్ పనిచేయదు. కంపెనీది కొనాలంటే దానికి మూడింతలు, పైగా మెకానిక్ విజిట్ చార్జీ వేరు. అమ్మేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, ఇది పచ్చి దోపిడీ కాక ఏంటి?

కస్టమర్ కేర్‌లో మనిషి గొంతు వినపడేసరికి తలప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆమె చెప్పింది ఒకటే, ఏఎంసీ, అంటే ఏడాదికోసారి డబ్బు కట్టే మెయింటెనెన్స్ కాంట్రాక్టు, తీసుకోండి సార్ అని. అదీ ఏటేటా పెంచుతున్నారు. అమ్మ అప్పటిదాకా క్యాన్ నీళ్లే తాగింది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, మీకూ ఇలా జరిగితే చేయండి. కొనేముందు బయట ఫిల్టర్ పడుతుందా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఆ షాపు వదిలేయండి.

రేటింగ్ 1/5, ఆ ఒక్కటీ నీళ్ల రుచికి.