పారిస్ సాక్రే కేర్‌లో రాత్రి ఆరాధన, నా రివ్యూ

పారిస్ అంటే అందరూ ఈఫిల్ టవర్ అంటారు, నేను మాత్రం మోన్‌మార్త్ర్ కొండ మీదున్న సాక్రే కేర్ బసిలికాలో, అంటే అక్కడి పెద్ద క్యాథలిక్ చర్చిలో, ఒక్క రాత్రి ఉండి రండి అనే చెప్తా. 1885 నుంచి ఇక్కడ దివ్యసత్ప్రసాద ఆరాధన, అంటే క్రీస్తు శరీరమని మేం నమ్మే అప్పం ముందు వంతులవారీగా కూర్చుని చేసే ప్రార్థన, పగలూ రాత్రీ ఆగలేదు, 1944లో దగ్గర్లో బాంబులు పడ్డా ఆపలేదు, అది తల్చుకుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది.

ఎంట్రీ ఫ్రీ. లోపల ఫొటోలు తియ్యనివ్వరు, చాలా మంచి పని. రాత్రికైతే ముందే పేరు రాయించుకుని తలుపులు వేసేలోపు వెళ్ళిపోవాలి, పక్కనే గెస్ట్‌హౌస్ ఉంది, మనకిచ్చిన ఆరాధన గంట వచ్చేదాకా అక్కడ పడుకోవచ్చు.

నాకు రాత్రి రెండు నుంచి మూడు గంటల వంతు ఇచ్చారు. అంత పెద్ద గుడిలో నలుగురమే, ఎదురుగా సత్ప్రసాదం, పైన చేతులు చాచిన ప్రభువు మొజాయిక్ (చిన్న రంగు ముక్కలతో చేసిన బొమ్మ), పక్కన ఒక పెద్దావిడ జపమాల పూసల చప్పుడు తప్ప ఇంకేం లేదు. మొదటి పావుగంట నిద్రమత్తు, ఆఫీసు ఆలోచనలు, తర్వాత మెల్లగా మనసు కుదురుకుంది, నేను మాటలు మానేసిన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే గుర్తొచ్చి ఏడుపొచ్చేసింది. తెల్లారాక మా అన్నయ్యకి ఫోన్ చేశా, రెండేళ్ళ తర్వాత. ఇప్పుడు మా విచారణలో, అంటే మా ఊరి చర్చిలో, నెలనెలా మొదటి శుక్రవారం ఆరాధన ఒక్కటి కూడా మానట్లేదు.

వెళ్ళేవాళ్ళు స్వెటర్ పట్టుకెళ్ళండి, ఆ టైముకి బాగా చలేస్తుంది.