గ్రాండ్ కెన్యన్‌కి ట్రెయిలర్ లాక్కెళ్ళాలంటే ఏ బండి?

ఫీనిక్స్ నుంచి సౌత్ రిమ్‌కి అమ్మానాన్నలతో కలిపి ఆరుగురం, అద్దె క్యాంపింగ్ ట్రెయిలర్‌తో. మా టయోటా హైలాండర్ వీ6 5,000 పౌండ్లు లాగుతుందని కంపెనీ చెబుతుంది, ట్రెయిలర్ నీళ్ళు, సామాను అన్నీ కలిపి 4,500, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ డ్రైవర్ డోర్ తీసి అక్కడి స్టిక్కర్ చూడండి, మనుషులూ సామానూ కలిపి ఎంత దాటకూడదో రాసి ఉంటుంది. మాదానికి 1,400 చిల్లర. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (బండి వెనక ట్రెయిలర్ తగిలించే చోటు) మీద పడుతుంది, 12 వేసుకున్నా 540 పౌండ్లు, అదీ ఈ లెక్కలోకే వస్తుంది. ఆరుగురం, కూలర్, అమ్మ సర్దిన పచ్చళ్ళ డబ్బాలతో 900 దాటింది, రెండూ కలిపితే ఆ పరిమితి దగ్గరికి చేరినట్టే. పైగా ఆ బండి హిచ్ పరిమితే 500. మనవాళ్ళ ఇళ్ళ ముందు కనిపించే సియెన్నా హైబ్రిడ్ అయితే 1,500 పౌండ్లే లాగుతుంది, దాని ఊసే వద్దు.

చివరికి బావగారి ఫోర్డ్ ఎఫ్-150 ఎకోబూస్ట్ (టర్బో ఇంజిన్ పికప్)కి ట్రెయిలర్ తగిలించి, మేం హైలాండర్‌లో వెనకాల వెళ్ళాం. ఫీనిక్స్ 1,100 అడుగుల ఎత్తులో ఉంటే ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000, టర్బో లేని ఇంజిన్‌కి వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం బలం తగ్గుతుంది కాబట్టి ఐ-17 ఎక్కుడులో తేడా బాగా తెలుస్తుంది. దిగేటప్పుడు ఇంకా ముఖ్యం. టో/హాల్ మోడ్ పెడితే గేరు దానంతటదే తగ్గి బండిని పట్టి ఉంచింది, బ్రేకు తొక్కుతూ కూర్చునే టెన్షన్ లేదు. పెద్ద ట్రక్కు పక్కనుంచి దూసుకుపోయినప్పుడు మాత్రం ట్రెయిలర్ కాస్త ఊగింది, బరువుని ఇరుసులన్నిటికీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఉండబట్టి సర్దుకుంది. బయల్దేరేముందు ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ ఎక్కించి తూయించండి, ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ బరువులు విడివిడిగా రాసి చీటీ ఇస్తారు.

బస ట్రెయిలర్ విలేజ్‌లో. కరెంటు, నీళ్ళు, మురుగు కనెక్షన్ అన్నీ ఉన్నాయి, రివర్స్ కొట్టే పని లేదు, కానీ సైట్లు ఇరుకు. మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో చెట్ల నీడ బాగుంటుంది, హుకప్స్ (ఆ కనెక్షన్లు) ఉండవు, పొడవు 30 అడుగులు దాటితే కుదరదు. పెద్దవాళ్ళుంటే మొదటిదే.

ట్రెయిలర్ అద్దెకిచ్చినవాళ్ళు టైర్లలో గాలి కూడా చూడలేదు, అది మనమే చూసుకోవాలి. ఇక పికప్ అద్దెకి తీసుకుందామంటే చాలా కార్ రెంటల్ కంపెనీలు ట్రెయిలర్ లాగనివ్వవు, బుక్ చేసేముందే అడగండి. నలుగురే అయితే హైలాండర్‌కి 3,000 పౌండ్ల లోపు ట్రెయిలర్ చాలు, ఈసారి మేం అదే చూస్తున్నాం.