టెరిటరీ ప్లానింగ్ యాప్: బోర్లు వేసే రెండు సీజన్లు వాడాక

ఏ సేల్స్ కుర్రాడు ఏ షాపులకు తిరగాలో పంచుకోవడానికి వాడే యాప్ ఇది. మ్యాప్ బాగుంది. పని లెక్కగట్టే పద్ధతి ఇంకా బాగుంది. లైన్లను, అంటే ఒక్కొక్కరు తిరిగే షాపుల దారిని, తనే పంచిపెడుతుందని చెప్పే 'ఆటో బ్యాలెన్స్' బటన్ మాత్రం దండగ. ఆ బటన్ కోసమే కొనాలనుకుంటే డబ్బులు మిగుల్చుకోండి.

మాది పీవీసీ పైపులు, ఫిట్టింగుల వ్యాపారం. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో హార్డ్‌వేర్ షాపులకు సరుకు వేస్తాం. ఫీల్డులో ఆరుగురు కుర్రాళ్లు తిరుగుతారు. యాప్ పేరు రాయడం లేదు.

షాపుల జాబితా ఎక్సెల్‌లో ఇస్తే మ్యాప్ మీద చుక్కలు పడతాయి. ఒక్కో షాపుకు ఏ, బి, సి అని గ్రేడు మనమే ఇవ్వాలి. ఏ గ్రేడు షాపుకు నెలకు నాలుగుసార్లు, వెళ్లినప్పుడల్లా అరగంట అనుకుంటే నెలకు రెండు గంటలు. సి గ్రేడుకు నెలకోసారి పావుగంట చాలు. ఇవన్నీ కూడి, దారిలో పోయే టైము కలిపి, ఎవరి మీద ఎన్ని గంటల పని పడుతోందో చూపిస్తుంది. నేను డబ్బు పెట్టింది దీనికే అనుకుంటాను. అంతకుముందు ప్రతి మీటింగులోనూ ఒకటే గొడవ: 'నాకు నూట యాభై షాపులు, అతనికి ఎనభయ్యే, టార్గెట్ మాత్రం ఇద్దరికీ ఒకటా?' షాపులు లెక్కపెడితే న్యాయమే. కానీ నెల్లూరు ట్రంకు రోడ్డులో బండి ఒకచోట ఆపి నడుస్తూనే పూటకు పది షాపులు చూడొచ్చు. మర్రిపాడు, ఉదయగిరి వైపు అదే పూటకు మూడు చూస్తే గొప్ప. గంటల పట్టిక స్క్రీన్ మీద పెట్టాక ఆ పంచాయితీ మళ్లీ రాలేదు.

ఇక ఆటో బ్యాలెన్స్ సంగతి. మా ప్యాకేజీలో అది దూరాన్ని రోడ్డు వెంట కాకుండా, గీత గీసినట్టు కొలుస్తుంది. కొమరోలు, సీఎస్ పురం మ్యాప్‌లో దగ్గర దగ్గరగా కనబడేసరికి ఒకే మనిషికి అంటగట్టింది. మధ్యలో వెలిగొండలు ఉన్నాయన్న సంగతి దానికి పట్టదు. సంగం, పొదలకూరు కలిపింది మాత్రం సరిపోయింది, అదీ యాప్ తెలివి కాదు. 2022 సెప్టెంబరులో సంగం బ్యారేజీ మొదలైంది కాబట్టి ఆ రెంటి మధ్య పెన్న దాటడం తేలికైంది.

జిల్లా హద్దుల ప్రకారం పంచమంటే ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది, గూడూరు తిరుపతికి, అద్దంకి బాపట్లకు పోయాయి. 2025 చివర్లో ఆ హద్దులు మళ్లీ మారాయి. వ్యాపారానికి ఆ గీతలతో పనేముంది? కందుకూరు షాపులాయన అర్జెంటుగా ఒక వాల్వు కావాలంటే ఒంగోలుకే ఫోన్ చేస్తాడు. దాన్ని నెల్లూరు కుర్రాడి లైన్లోంచి తీసి సింగరాయకొండతో కలిపాను, చేత్తోనే.

అన్నిటికన్నా పెద్ద లోటు సీజన్. ఇది ఏడాది మొత్తాన్ని సగటు చేస్తుంది. మాకు సగటు నెల అనేదే ఉండదు. ఎండలు ముదిరితే కనిగిరి, మార్కాపురం వైపు బోరు బండ్లు తిరుగుతాయి, బోరులో దించే కేసింగ్ పైపు అందించడమే కష్టం. నెల్లూరు డెల్టాలో రబీయే పెద్ద పంట, మార్చి, ఏప్రిల్‌లో కోతలయ్యాకే బాకీలు కదులుతాయి. కొండపి, పొదిలి వైపైతే పొగాకు వేలం నడవాలి, అప్పుడుగాని రైతు షాపుకు, షాపు మాకు డబ్బు కట్టరు. కాబట్టి ఫైలు రెండు కాపీలు పెట్టుకున్నాను. వేసవి కాపీలో కనిగిరి పక్క షాపుల గ్రేడు పెంచి, కావలి కుర్రాడిని వారానికి రెండు రోజులు అటు పంపుతాను.

ఇలా మార్చేటప్పుడు 'లాక్' ఆప్షన్ తప్పకుండా వాడండి. లాక్ చేసిన షాపు, లైన్లను ఎన్నిసార్లు కదిపినా, పాత మనిషి పేరు మీదే ఉంటుంది. పామూరులో ఒక డీలరు ముఖం మీదే అడిగాడు: 'ఏంది సార్, మనిషిని మార్చినంత తేలిగ్గా ఖాతా మారుతుందా? పాతాయన ఇస్తానన్న స్కీము ఎవరిస్తారు?' అప్పటినుంచి అప్పు ఎక్కువ ఉన్న షాపులు, యజమాని మాట పట్టింపు ఉన్న షాపులు లాకులోనే ఉంటున్నాయి. లెక్క కొంచెం వంకరైనా సరే.

షాపును ఒక కుర్రాడి నుంచి ఇంకొకరికి మారిస్తే దాని పాత అమ్మకాలు కూడా వెంటే పోతాయి, అది మంచిదే. టార్గెట్ మాత్రం పోదు. దాన్ని ఎక్సెల్‌లో విడిగా సరిచేయకపోతే ఇన్సెంటివ్ రోజున టెన్షన్ తప్పదు.

ఫోన్ యాప్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నెట్ లేకపోతే తెరుచుకోదు, దోర్నాల దాటి అడవి పక్కకు పోతే సిగ్నల్ నమ్మలేం. ఈసారి రెన్యువల్‌లో కుర్రాళ్ల లైసెన్సులు మానేసి నాకొక్కడికే తీసుకున్నాను. వాళ్లకు లైను ప్రింటు తీసి ఇస్తున్నాను, వాట్సాప్‌లో ఫొటో కూడా పెడుతున్నాను. ఇంతవరకు ఒక్కరూ యాప్ ఏమైందని అడగలేదు.