రెండు చెవులకూ మిషన్లు: ఒక రైస్ మిల్లు గుమస్తా అనుభవం

చెవి మిషన్ కొనేవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఒక్కటే. రెండు చెవులూ దెబ్బతిన్నాయని పరీక్షలో తేలితే రెండింటికీ తీసుకోండి. సెల్లు ఎన్నాళ్లు వస్తుంది, ఫోన్‌కు ఎట్లా కలపాలి అనేవి షాపులోనే చెప్తారు. రెండో మిషన్ విలువ మాత్రం చెప్పరు. నాతో అయితే "ఈ వయసుకు ఒకటి చాలు సార్" అన్నారు. వినికిడి పరీక్ష చేసిన ఆడియాలజిస్ట్ మేడం పట్టుబట్టింది కాబట్టి రెండూ తీసుకున్నాను.

మిర్యాలగూడ రైస్ మిల్లులో వడ్ల పొట్టు తీసే షెల్లర్ల మోత మధ్యే ఏళ్ల తరబడి లెక్కలు రాశాను. ఇలాంటి మోత ముందుగా దెబ్బకొట్టేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నని, అంటే కీచుగా ఉండే శబ్దాలను. లోపలి చెవిలో వాటిని పట్టే కేశకణాలు ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. త, క లాంటి అక్షరాల తేడా తేలేది ఆ శబ్దాలతోనే. అందుకే ఎదుటి మనిషి గొంతు వినపడేది కానీ, "తట్ట" అన్నాడో "కట్ట" అన్నాడో తేలేది కాదు. మిషన్లు వచ్చాక ఆ తేడా తెలిసింది. మొదట్లో ప్లాస్టిక్ కవర్ నలిగినా తలనొప్పి వచ్చేది. కొన్ని వారాలకు మెదడు అలవాటు పడింది.

రెండో మిషన్ ఎందుకో నాకు బాగా తెలిసింది మాత్రం కుడివైపుది పాడయ్యాకే. వానాకాలం ఉక్కకు చెమట లోపలికి దిగి అది మూగబోయింది. సర్వీసుకు పంపితే రేపు మాపు అంటూ తిప్పారు. అన్నాళ్లూ ఎడమదానితోనే నెట్టుకొచ్చాను. మాట వినపడేది కానీ దిక్కు తెలిసేది కాదు. ఏ శబ్దమైనా ఎడమ నుంచే వస్తున్నట్టు ఉండేది. "నేను వంటింట్ల ఉంటే గా దిక్కు చూస్తరేంది?" అని ఇంట్లో ఆమె విసుక్కునేది.

ఒకరోజు మిల్లు ఆవరణలో వడ్ల లారీ వెనక్కి వస్తోంది. బీప్ బీప్ అని వినపడుతూనే ఉంది. ఎడమవైపు చూశాను, ఏమీ లేదు. సరేనని కుడికి జరిగాను. లారీ వస్తున్నది అటే. "సారూ, ఇటు రాండ్రి!" అని హమాలీ అరిచాడు. ఆ "ఇటు" ఎటో తెలియక అక్కడే నిలబడిపోయాను. అతనే ఉరికొచ్చి రెక్క పట్టి లాగాడు.

తర్వాత మేడం విడమరిచి చెప్పింది. కుడివైపు శబ్దం కుడి చెవికి ముందు, ఎడమ చెవికి తర్వాత చేరుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. సన్నని శబ్దాలకైతే తలకాయే అడ్డుపడి, అవతలి చెవికి అవి తగ్గి చేరతాయి. రెండు పద్దు పుస్తకాలు పక్కపక్కన పెట్టి తాళా చూసినట్టు, మెదడు రెండు చెవులనూ పోల్చి దిక్కు తేలుస్తుంది. ఒక పుస్తకమే లేకపోతే దేనితో పోలుస్తుంది? కుడిది బాగై వచ్చిన రోజు మిల్లు గేటు దగ్గర నిలబడితే, లోపలికొచ్చే లారీ ఏది, రోడ్డు మీద పోయేది ఏదో చూడకుండానే తెలిసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మాటలు తేలుతున్నాయని పైన రాసింది ఇల్లు, ఆఫీసు గది వరకే. పెళ్లిలో, బరాత్‌లో ఇంకా కష్టమే. గుంపులో ఒక్కరి మాటను మనిషి ఎట్లా ఏరుకుంటాడో 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పరిశోధించాడు. చెవి నుంచే అరకొరగా పోతుంటే నా మెదడు ఆ పని పూర్తిగా చేయలేకపోతోంది. మోతలో ఎదుటివారి మాటే పట్టే సెట్టింగ్ ఒకటి ఉంది, హోటల్లో పనికొస్తుంది. ఆవరణలో మాత్రం వాడను, వెనక వచ్చే బండి శబ్దాన్ని అది తగ్గించేస్తుంది.

నాకు రెండు చెవులూ దాదాపు సమానంగా పోయాయి, రోజంతా లారీల మధ్య తిరుగుతాను, ఖర్చులో సగం మా అబ్బాయి పెట్టుకున్నాడు. ఇంటిపట్టునే ఉండేవాళ్లకు అంత డబ్బు బరువే కావచ్చు. ఒక చెవి బాగున్నవాళ్ల లెక్కా, ఒక చెవి పూర్తిగా పోయినవాళ్ల లెక్కా వేరు. ఎవరైనా సరే ట్రయల్‌కు ఇస్తే గదిలో కూర్చుని చూడకండి, కాసేపు మా సాగర్ రోడ్డు లాంటి బండ్లు తిరిగే రోడ్డు మీద నడిచి చూడండి.