ఫ్రీఐపీఏ లాకౌట్: మంచి సదుపాయమే, కానీ ఆ 60 సెకన్లు మార్చుకోండి

నల్లగొండకు దగ్గర్లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబుల బాధ్యత నాది. సిస్టమ్‌లన్నీ లినక్సే. లాగిన్లన్నీ రెండు సర్వర్ల మీద నడిచే ఫ్రీఐపీఏ అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. తప్పు పాస్‌వర్డ్ పదేపదే కొడితే అకౌంట్‌ను కాసేపు ఆపేసే దాని లాకౌట్ గురించే ఈ రివ్యూ. కాలేజీల్లో ఇది వాడేవాళ్లు సెట్టింగులు ఒకసారి తెరిచి చూడాలని నా కోరిక.

ఇన్‌స్టాల్ చేయగానే వచ్చే లెక్క ఇది: 6 సార్లు తప్పు కొడితే లాక్, 600 సెకన్లకు దానంతట అదే విడుదల. ఒక తప్పు తర్వాత 60 సెకన్లు దాటితే అంతకుముందు లెక్క చెరిగిపోతుంది. దానంతట అదే తెరుచుకోవడం నాకు బాగా నచ్చింది. లాకౌట్ టైమ్‌ను సున్నా చేస్తే మాత్రం అడ్మిన్ విప్పేదాకా లాక్ పడే ఉంటుంది. భద్రత పేరుతో దయచేసి అలా పెట్టొద్దు. మా దగ్గర యూజర్‌నేమ్ అంటే హాల్‌టికెట్ నంబరే. చివరి రెండంకెలు మారిస్తే పక్క బెంచీవాడి అకౌంట్. వాడి పాస్‌వర్డ్ తెలియాల్సిన పనే లేదు, ఏదో ఒకటి టకటకా కొడితే చాలు, పరీక్ష రోజు వాడు ల్యాబులో ఉత్త చేతులతో కూర్చోవాలి.

అలాంటిదే ఒకటి జరిగింది. దేవరకొండ బస్సు దిగి నేరుగా ల్యాబుకొచ్చిన అమ్మాయి "సార్, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్న, తీసుకుంటలేదు" అంది. టెర్మినల్‌లో కేఇనిట్ అనే లాగిన్ కమాండ్ కొట్టిస్తే "క్లయింట్స్ క్రెడెన్షియల్స్ హావ్ బీన్ రివోక్డ్", అంటే లాగిన్ హక్కు రద్దయిందని వచ్చింది. అది చదివి తన అకౌంట్‌నే తీసేశారని భయపడిపోయింది. నేను ఒక్కో అకౌంట్ తప్పుల లెక్క చూపించే ఐపీఏ యూజర్-స్టేటస్ కమాండ్ తెరిచాను. ఒక సర్వర్ కింద ఫెయిల్డ్ లాగిన్స్ 6, ఇంకో దాని కింద 0. చివరి తప్పు జరిగిన టైం 4 గంటల 14 నిమిషాలు. అది యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం, మన టైంకు ఐదున్నర గంటలు కలుపుకోవాలి. అంటే ఉదయం 9:44. అప్పటికి ఆ అమ్మాయి ఇంకా బస్సులోనే ఉంది. పాస్‌వర్డ్‌లు సరిచూసే కేడీసీ అనే సర్వీస్ లాగ్‌లో చూస్తే ఏ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో సిస్టమ్ నంబరు) నుంచి కొట్టారో కూడా తేలిపోయింది. లాక్ విప్పే యూజర్-అన్‌లాక్ కమాండ్ ఇచ్చాను, పిల్ల టెన్షన్ తీరి పరీక్ష రాసుకుంది. ఈ యూజర్-స్టేటస్ ఒక్కదానికే నేను పూర్తి మార్కులు వేస్తాను. తప్పు పిల్లలది కాదని చూపించే ఆధారం చేతికి ఇస్తుంది.

ఒక సర్వర్‌లో 6, ఇంకో దాంట్లో 0 ఎందుకంటే, తప్పుల లెక్కను ఏ సర్వర్‌కు ఆ సర్వర్ విడిగా ఉంచుకుంటుంది, రెండోదానికి పంపదు. ప్రతి తప్పునూ అన్నిచోట్లా రాయడం భారమని అలా చేశారు. అడ్మిన్ చేసిన అన్‌లాక్ మాత్రం అన్నిటికీ చేరుతుంది. కాబట్టి 6 అని పెట్టుకుంటే, రెండు సర్వర్లున్న చోట దొంగకు దొరికేవి 12 అవకాశాలు. సర్వర్లు పెంచేటప్పుడు ఈ గుణకారం గుర్తుంచుకోవాలి.

నాకు అసలు నచ్చనిది ఆ 60 సెకన్లు. ఐదుసార్లు తప్పు కొట్టి, నిమిషం పైన ఓ క్షణం ఆగి, మళ్లీ ఐదు కొడితే లెక్క ఎప్పటికీ ఆరుకు చేరదు. దానంతట అదే పాస్‌వర్డ్‌లు కొట్టే చిన్న ప్రోగ్రామ్, అంటే స్క్రిప్ట్, అలా రోజంతా నడిస్తే ఒక సర్వర్ మీదే దాదాపు 7000 పాస్‌వర్డ్‌లు ప్రయత్నించొచ్చు, ఒక్కసారి కూడా లాక్ పడదు. అందుకే నేను ఫెయిల్ ఇంటర్వెల్‌ను (లెక్క చెరిగే ఆ 60 సెకన్లను) 900 సెకన్లకు పెంచి, మ్యాక్స్ ఫెయిల్‌ను (లాక్ పడే తప్పుల సంఖ్యను) 10 చేసి, లాకౌట్ టైమ్‌ను 300 సెకన్లకు తగ్గించాను. ఇప్పుడు అదే స్క్రిప్ట్ లాక్ పడకుండా తప్పించుకోవాలంటే పావుగంటకు తొమ్మిది, రోజుకు ఒక సర్వర్ మీద 864 దగ్గర ఆగిపోతుంది. వేళ్లు తడబడే ఫస్టియర్ పిల్లలకూ ఊపిరి ఆడుతుంది. స్టాఫ్‌కు గ్రూపు పెట్టి వేరే పాలసీ ఇచ్చాను, ఆ సౌకర్యం కూడా ఇందులో ఉంది.

ఇక ఒకే పాస్‌వర్డ్ పట్టుకుని అన్ని హాల్‌టికెట్ నంబర్ల మీదా ఒక్కోసారి ప్రయత్నించేవాడిని ఈ లాకౌట్ పట్టుకోలేదు, ఎందుకంటే ఏ అకౌంట్‌లోనూ ఒకటికి మించి తప్పు పడదు. పుట్టిన తేదీలనే మొదటి పాస్‌వర్డ్‌గా ఇచ్చే కాలేజీలు ఇది కచ్చితంగా ఆలోచించాలి. మొదటి లాగిన్‌లోనే మార్చుకోమని ఫ్రీఐపీఏ అడుగుతుంది, కానీ ఆ మొదటి లాగిన్ ఎవరు చేస్తారన్నదే కదా ప్రశ్న. ఒకే ఐపీ నుంచి వరసగా వేర్వేరు పేర్లతో ప్రీఆథ్ ఫెయిల్డ్ (తప్పు పాస్‌వర్డ్ అనే నమోదు) పడుతోందేమో రోజూ కేడీసీ లాగ్‌లో చూడండి.

పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్ ఇది. 5కి 4 ఇస్తున్నాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, లాక్ పడ్డవాళ్లకు "పది నిమిషాలాగి రండి" అని అర్థమయ్యే మాట ఎక్కడా కనిపించదు. మా ల్యాబులో ఆ మాట నేనే తెలుగులో కాగితం మీద రాసి ప్రతి మానిటర్ పక్కన అంటించాను, మా సెట్టింగు ప్రకారం ఐదు నిమిషాలని.