కోడి ఈకా, గుర్రం వెంట్రుకా: రాకు కుండకి ఏది మేలు?

వేడి కుండ మీద ఈకో వెంట్రుకో మాడ్చి నల్లటి గుర్తులు వేసే పని మొదటిసారి చేసేవాళ్ళకి గుర్రం తోక వెంట్రుకే మేలు. ఈక చూడ్డానికి సులువుగా కనిపిస్తుంది గానీ, చేయి తిరిగాక పట్టుకోవాల్సిన పని అది. ఈ మాట నాకు ఎవరూ ముందు చెప్పలేదు. అనంతపురంలో కోడి ఈకలకి కరువా అనుకుని వాటితోనే మొదలుపెట్టి మూడు కుండలు పాడుచేసుకున్నాను.

రాకు 16వ శతాబ్దంలో జపాన్‌లోని క్యోటోలో టీ గిన్నెల కోసం పుట్టిన పద్ధతి. కుండ ఎర్రగా కాగుతుండగానే బట్టీలోంచి పట్టకారుతో బయటికి తీయడం దాని ప్రత్యేకత. ఈకలూ వెంట్రుకలూ అంటించడం మాత్రం పాశ్చాత్య దేశాల కుమ్మరులు తర్వాత చేర్చుకున్నది. ఇలా గుర్తులు వేసే కుండకి గ్లేజు, అంటే గాజులాంటి పూత, వేయరు. గులకరాయితో నున్నగా రుద్ది ఒకసారి కాల్చిన కుండని మళ్ళీ వేడిచేసి తీస్తారు. దాని మీద వెంట్రుక పడగానే మాడిపోయి, ఆ మసి మట్టిలోకి ఇంకి నల్లగీతగా నిలిచిపోతుంది.

అసలు కిటుకు వేడిలో ఉంది. సుమారు 550 నుంచి 700 డిగ్రీల మధ్య పని బాగా జరుగుతుంది. అంతకన్నా వేడిగా ఉంటే ఈక భగ్గుమని మండి గుర్తు లేకుండా పోతుంది. చల్లారితే జిగురులా అతుక్కుని గడ్డకడుతుంది, తర్వాత గోకినా మచ్చ పోదు. మీటరు లేకపోయినా ఫరవాలేదు, ముందు ఒక్క వెంట్రుక వేసి చూడండి. చుర్రుమని మెలికలు తిరిగి నల్లగీత పెడితే సమయం వచ్చినట్టు.

వెంట్రుక దగ్గర సుఖమేమిటంటే, ఒకటి పాడైనా ఇంకోటి వేయొచ్చు. గీత ఎటుపోయినా అదో అందమే. పెళ్ళి ఊరేగింపులకి గుర్రాన్ని తెచ్చేవాళ్ళని అడిగితే దువ్వినప్పుడు రాలినవి ఇస్తారు. తోకవి మందం, గీత గట్టిగా పడుతుంది. జూలువి సన్నం.

ఈక సంగతి వేరు. బాగా కుదిరితే నడి కాడ నల్లగా, రెండు పక్కలా రెక్క బూడిదరంగు నీడలా అచ్చుపడుతుంది. వెంట్రుక ఎన్ని గీసినా ఆ బొమ్మ రాదు. కానీ ఈకని పడేస్తే చాలదు, పొడవాటి పట్టకారుతో పట్టుకుని వేడి కుండకి ఆనించి పెట్టాలి. ఒక్కసారి జారితే అంతే, దిద్దుకోవడం ఉండదు. పైగా చికెన్ కొట్టులో దొరికేవి బ్రాయిలర్ ఈకలు, పొట్టివి, తడివి. కడిగి మిద్దె మీద ఆరబోస్తే మా ఊరి గాలి సగం ఎత్తుకుపోయింది. నాటుకోడి పుంజు తోక ఈకలైతే పొడుగు, వంపు రెండూ ఉంటాయి.

నెమలి ఈక పెడితే ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. సహజంగా రాలిన నెమలి ఈకల వరకు మన దేశంలో అమ్మకాలకి అనుమతి ఉంది, ఎగుమతికి లేదు. కానీ దండగ. ఆ నీలం, పచ్చ రంగులు ఈక నిర్మాణం మీద వెలుగు పడి పుట్టేవి. నిప్పులో ఆ నిర్మాణమే పోతే మిగిలేది మసి. ఈక చివరి కన్ను బొమ్మ కూడా రాదు, పీచు పీచుగా గీతలు పడతాయి.

పంచదార ఇంకా తేలిక. చిటికెడు చల్లితే కరిగి నల్లచుక్కలవుతుంది. వాసన కూడా నయం. ఈకలూ వెంట్రుకలూ మాడే కంపుకి మా పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా తొంగిచూసి "ఏమి కాలుస్తాండావు నాయనా, కోడినా?" అంది. ఆకులు, కొబ్బరిపీచు నాకు పెద్దగా నచ్చలేదు. చప్పున మండి బూడిదైపోతాయి, గుర్తు లేతగా పడుతుంది. శనక్కాయ పొట్టు ఈ పనికి కాదు. వేడి కుండని మూతబెట్టి పొగ పట్టించేందుకైతే రంపపు పొట్టుకి బదులు బాగానే పనికొస్తుంది.

ఏది ఎంచుకున్నా, మన ఎర్రమట్టి మీద నలుపు అంతగా ఎత్తి కనిపించదు. తెల్లమట్టి పల్చటి పూత వేసి రుద్దితే గీత తేలుతుంది. మట్టిలో కాల్చిన పెంకుల పొడి కలపకపోతే బయటి గాలి తగలగానే కుండ పగలొచ్చు. మాకు ఆషాఢం గాలి మొదలైతే ఆరుబయట ఈ పని పెట్టుకోను. తెల్లారి గాలి లేనప్పుడు, గోడ చాటున, మాస్కూ తోలు గ్లౌజులూ వేసుకుని చేస్తాను.

చివర్లో మైనం రుద్దితే మెరుపొస్తుంది. నీళ్ళు పోయడానికీ, తినే పదార్థాలకీ ఈ కుండ పనికిరాదు, ఎండు పూలు పెట్టుకోవచ్చు. నా షెల్ఫులో ఇప్పుడు వెంట్రుక కుండలు ఐదు, ఈక కుండ ఒక్కటి. వచ్చినవాళ్ళు ముందు చేయి చాపేది ఆ ఒక్కదానికే.